తొమ్మిది గంటల పద్ధతి

ధరూర్,
2-7-2006, ఆదివారం

తమ్ముడు శాంతరాజును దీవించి పెద్దక్క కరుణమ్మ వ్రాసేది.

నువ్వు క్షేమంగా చేరావని హన్మంతు సేటు విత్తనాల షాపుకు ఫోన్ వచ్చిందట. మనిషిని పంపి చెప్పించాడు. ప్రభువుకు వందనాలు. ఊరి పేరు ఉర్ఫా అని, టర్కీ దేశంలో సముద్రానికి దూరంగా లోపలెక్కడో ఉంటుందని చెప్పి చిరునామా రాసిచ్చాడు. చీటీ చూసి అక్షరం అక్షరం దించాను. తప్పు పోతే ఈ జాబు ఎవరికి చేరుతుందో వాళ్లకు కూడా నా దీవెనలే.

నీకు చలి పెడుతుందని మరదలు రేణుకకు ఒకటే దిగులు. రెండు స్వెటర్లు, మంకీ క్యాపు, రగ్గు నీ పెట్టె అడుగున పెట్టిందట. విదేశమంటే మంచు పడుతుందని హన్మంతు సేటు చెప్పాడు. ఆయన కర్నూలు దాటి పోలేదు. అయినా చెప్పాడు.

ఈరోజు ఆరాధనలో పాస్టరయ్య నీ కోసం ప్రార్థన చేయించాడు. నువ్వున్న దగ్గర హారాను అనే ఊరుందట. బైబిల్లోని పితరులు కాపురమున్న నేల అది. "మన శాంతరాజు పనికి పోలే, పిలుపు మీద పోయిండు" అన్నాడు. పత్తి క్రాసింగు నేర్పడానికి పోయాడని లేచి చెప్పబోయాను. అప్పటికే పాట ఎత్తుకున్నారు.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. హైదరాబాదు విత్తనాల కంపెనీ నిన్ను నిపుణుడని పంపింది. ఎనిమిదేళ్లు మాకు మేస్త్రీగా గట్టు మీద నిలబడ్డావు, నిజమే. ఒక్క పువ్వయినా నీ చేత్తో రుద్దావా? నాకు గుర్తు లేదు. నీకు గుర్తుంటే రాయి.

కరుణమ్మ


ఉర్ఫా,
9-7-2006

పూజ్యురాలైన పెద్దక్క పాదాలకు తమ్ముడు శాంతరాజు నమస్కారాలు.

అక్కా, ఇక్కడ చలి లేదు. నలభై ఐదు డిగ్రీలు. రేణుక మాట తీసేయలేక విమానం మెట్లు మంకీ క్యాపుతో దిగాను. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన ఇంజనీరు కెమాల్ గారు "తలకు దెబ్బ తగిలిందా? దవాఖానకు పోదామా?" అని అడిగాడు. ఇంగ్లీషులో అడిగాడు, నాకు సగమే అర్థమైంది, అవునన్నాను. నేరుగా దవాఖానకే తీసుకుపోయాడు.

ఊరు ఊరంతా రాతి కట్టడం. మధ్యాహ్నం అంగళ్లన్నీ మూసేస్తారు. కుక్కలు కూడా గోడ నీడ మారినప్పుడల్లా లేచి జరుగుతాయి. ఇంత ఎండలో వేడి వేడి చాయ్ చిన్న గాజు గ్లాసుల్లో రోజుకు ఇరవై తాగుతారు. మన గద్వాల ఉర్దూ ముక్కలు కొన్ని నడుస్తాయి: హవా, దునియా, కితాబు. వీటితో ఎంత సేపు మాట్లాడతాం? గాలి బాగుంది, లోకం బాగుంది, అంతటితో సరి. ఊరి మధ్యలో ఒక కొలను. నిండా చేపలే, పల్లి బుడ్డల సంచి కుమ్మరించినట్టు. ఎవ్వరూ ముట్టరు. తింటే కళ్లు పోతాయంటారు. కాల్చిన మిరపకాయలు అన్నంలా తింటారు. నేను పాలమూరోణ్ణి, నాకు కారం చూపిస్తారా అని పిడికెడు తిన్నాను. రెండు రోజులు పెరుగు మీద ఉన్నాను.

చేను ఊరికి గంట దూరం. మైదానమంతా పత్తే. బోర్లించిన కుండల్లా మట్టి ఇళ్లున్నాయి. అదే హారాను. అరవై మంది ఆడవాళ్లు నా కింద పనిచేస్తున్నారు. ఆడ చెట్టు మొగ్గను సాయంత్రం గిల్లి పుప్పొడి తీసేయడం, ఎర్ర కాగితం గుర్తు పెట్టడం, మరునాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దడం, ఇదంతా వీళ్లకు కొత్త. నేను పదకొండు సూత్రాలు చెప్పాను. కెమాల్ గారు వాటిని తమ భాషలో అచ్చు వేయించి, ప్లాస్టిక్ తొడిగించి, గట్టు గట్టుకూ వేలాడదీశాడు. మొదటి సూత్రం: పువ్వు రుద్దడం సరిగ్గా తొమ్మిది గంటలకు మొదలు పెట్టాలి. నాలుగోది: తూర్పు సాలు నుంచే లోపలికి పోవాలి. ఏడోది: కాసేపటికోసారి నిలబడి ఉత్తరం వైపు చూడాలి. ఎనిమిదేళ్లు గట్టు మీద నిలబడి మిమ్మల్ని చూసి నేర్చుకున్నదే ఇదంతా.

ఇక్కడి నుంచి ఎవరికీ చదివి వినిపించకు.

కాయ నిలవడం లేదు. నూరు పువ్వులు రుద్దితే అయిదు కూడా నిలవడం లేదు. ఆగస్టు ఇరవై నాడు కంపెనీ పెద్దలు వచ్చి చూస్తారు. నూటికి నలభై నిలిస్తే రెండేళ్లు ఇక్కడ నేనే. నిలవకపోతే మరునాడే విమానం. ధరూర్‌లో మేస్త్రీ పని కూడా ఉండదని హన్మంతు సేటు ముందే చెప్పాడు. ఫోన్ చేద్దామంటే ఆయన షాపుకే చేయాలి, ఆయన వినంగ ఇది అడగలేను. పువ్వు ఎందుకు రాలుతుందో రెండు ముక్కలు రాయి అక్కా.

నీ తమ్ముడు,
శాంతరాజు


ధరూర్,
16-7-2006, ఆదివారం

తమ్ముడికి దీవెనలు.

నీ జాబు ఇంకా అందలేదు. ఇక్కడ వాన పడింది. చేను మోకాలెత్తు వచ్చింది. మన క్రాసింగు ఆగస్టు నడుమ మొదలవుతుంది.

గద్వాల బస్టాండు దగ్గర హన్మంతు సేటు బ్యానరు కట్టించాడు. "అంతర్జాతీయ పత్తి నిపుణుడు శాంతరాజుకు అభినందనలు" అని. ఆయన ఫోటో తలుపంత ఉంది. నీది రేషన్ కార్డు ఫోటో, మూలకుంది. మా గుంపులో లక్ష్మీదేవమ్మ చూసి వచ్చి, "సేటే పోయిండేమో అనుకున్న, శాంతడు ఆయన్ని సాగనంపనీకి వచ్చినట్టున్నడు" అంది.

పాస్టరయ్య నీకు చెప్పమన్నవి: ఆ నేల మన్ను ఒక సంచి, కొత్త ప్రార్థనా మందిరం పునాదిలో వేయడానికి. బావి నీళ్లు ఒక క్యాను. కుదిరితే ఒక రాయి. నాకేమీ వద్దు. వేళకు తిను.

కరుణమ్మ


ధరూర్,
21-7-2006

తమ్ముడికి దీవెనలు.

నీ జాబు నిన్న వచ్చింది. నేను పొలంలో ఉంటే రేణుక విప్పింది. అరవై మంది ఆడవాళ్లు నీ కింద ఉన్నారన్న చోట ఆగిపోయింది. తరవాతిది చదవలేదు. నీ రహస్యం దాగింది. నీ సంసారం సంగతి నువ్వు చూసుకో.

ఇక అడిగింది చెబుతాను.

తొమ్మిది గంటలు పువ్వు పెట్టిన వేళ కాదు. ధరూర్ నుంచి మా షేర్ ఆటో చేనుకు వచ్చే వేళ. ఆటో నిండితే గానీ మాసయ్య బండి తీయడు. ఇరవై మంది నిండేసరికి తొమ్మిదవుతుంది. మా అదృష్టం కొద్దీ మన వానాకాలంలో పువ్వు అప్పటిదాకా ఓపిక పడుతుంది. నలభై ఐదు డిగ్రీల ఎండలో ఎందుకు పడుతుంది? నువ్వు మొదలు పెట్టేసరికి పుప్పొడి మాడిపోయి ఉంటుంది.

తూర్పు సాలు నుంచి పోయేది పడమటి గట్టు మీద నాగప్ప కుక్క ఉంటుంది కనుక.

ఉత్తరం వైపు చూసేది నీ మోటార్ సైకిల్ దుమ్ము లేస్తుందేమోనని. దుమ్ము కనబడితే లక్ష్మీదేవమ్మ దగ్గుతుంది. మేము వంగుతాము. ఎనిమిదేళ్ల తరవాత చెబుతున్నాను, క్షమించు.

మిగిలిన ఎనిమిది సూత్రాలు నాకు రాయకు. నవ్వు ఆపుకోలేను, ఉపవాసంలో ఉన్నాను.

నీ పువ్వు ఏ వేళకు విచ్చుతుందో ఇక్కడ కూర్చొని నేను చెప్పలేను. అక్కడి ఆడవాళ్లకు తెలిసి ఉంటుంది. అడుగు.

కరుణమ్మ


ఉర్ఫా,
22-7-2006

పెద్దక్కకు నమస్కారాలు.

నీ మొదటి జాబు అందింది. నేను పువ్వు రుద్దానా అని అడిగావు. అక్కా, డాక్టరు రోగం తెచ్చుకొనే వైద్యం నేర్చుకుంటాడా?

ఇక్కడ ఒక ఆడమనిషి నా ప్రాణం తీస్తోంది. పేరు జెలిహా. నీ వయసే ఉంటుంది, మాట నీకంటే కొంచెం ఎక్కువ. బోర్డు మీద తొమ్మిదని రాసి ఉంటే ఈమె ఆరింటికే వచ్చి తన సాలు తాను రుద్దుకొని, ఎనిమిదికల్లా నీడన కూర్చొని మిగతావాళ్లను చూసి నవ్వుతుంది. మొన్న కెమాల్ గారిని అందరి ముందర అడిగిందట, "ఈ ఇండియా మనిషి ఉత్తరం దిక్కు ఎవరి కోసం చూడమంటున్నాడు? వాళ్ల ఇల్లు తూర్పున కదా?" అని. నాకు పరువు పోయినంత పనైంది. క్రమశిక్షణ తప్పిందని ఆమెను ఒక్కదాన్నే చేను చివరి మూలకు పంపించాను. అక్కడ బోర్డు కూడా లేదు. బుద్ధొస్తుంది.

ఈ జాబులో ఫోటో పెట్టాను. రేణుకకు ఇవ్వు.

నీ జవాబు కోసం కళ్లల్లో వత్తులేసుకొని చూస్తున్నాను. కాయ ఆరు దగ్గరే ఉంది.

శాంతరాజు


ఉర్ఫా,
2-8-2006

పెద్దక్కకు నమస్కారాలు.

నీ ఇరవై ఒకటో తారీఖు జాబు చదివి మంచం మీద కూర్చుండిపోయాను. లక్ష్మీదేవమ్మ చిన్నమ్మకు దమ్ము రోగముందని ఆమెకు రెండుసార్లు నా జేబు నుంచి మందు తెచ్చిచ్చాను. ఆ సంగతైనా ఆమెకు గుర్తు చెయ్యి.

నువ్వు చెప్పింది నిజమే అనుకుందాం. ఇప్పుడు నేనేం చెయ్యాలి? బోర్డులకు ప్లాస్టిక్ తొడిగించారు అక్కా! కాగితమైతే చింపేద్దును. పైగా కంపెనీవాళ్లు ఆ పదకొండు సూత్రాలను ఇంగ్లీషులో పుస్తకం వేస్తున్నారట. అరవై మంది ఉత్తరం చూస్తుంటే కెమాల్ గారు ఫోటోలు తీసి హైదరాబాదు పంపాడు. మెడ నరాలకు మంచి వ్యాయామమని అక్కడి డాక్టరెవరో మెచ్చుకున్నాడట. ఇప్పుడు పోయి, అది నా మోటార్ సైకిల్ దుమ్ము అని ఎట్లా చెప్పను?

అడగమంటావు. నేర్పడానికి వచ్చినవాణ్ణి పోయి కూలిమనిషిని అడిగితే ఇక నేనెందుకు ఇక్కడ?

అందుకని, తొమ్మిది గంటలను ఉన్నచోటే ఉంచి కాయ నిలబడే ఉపాయమేదైనా చెప్పు. తడిగుడ్డ కప్పితే? నీడ పందిరి వేస్తే? పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నావు, నీకు తెలియనిది ఉండదు. నువ్వు ప్రార్థన చేస్తే కూడా మంచిదే, కానీ ఉపాయం కూడా రాయి. ఇంకా పద్దెనిమిది రోజులే ఉన్నాయి.

పాస్టరయ్య మన్ను సంగతి పోస్టాఫీసులో అడిగాను. "మీ దేశంలో మన్ను లేదా?" అన్నారు. ఉందని చెప్పాను. "మరి?" అన్నారు. వచ్చేశాను.

శాంతరాజు


ధరూర్,
13-8-2006, ఆదివారం

తమ్ముడికి దీవెనలు.

అటువంటి ఉపాయం లేదు.

ప్రార్థన చేస్తున్నాను. పువ్వు నీ తొమ్మిది దాకా ఆగాలని మాత్రం అడగలేదు. అడిగితే ప్రభువుకు నేనంటే లోకువవుతుంది.

మూలకు పంపిన ఆ జెలిహా దగ్గరికి నువ్వే నడిచి పో. చెప్పులు గట్టు మీద విడిచి పో. ఎందుకు ఆరింటికి వస్తున్నావమ్మా అని అడుగు. అంతే.

ఫోటో రేణుకకు ఇచ్చాను. నీ తలకు ఊదారంగు గుడ్డ చుట్టి ఉంది. "వదినె, గది ఆడోళ్ల చున్నీ గాదా? ఎవరిదది?" అని అడిగింది. ఎండకు కట్టుకొని ఉంటాడన్నాను. "ఎండనా? రగ్గు వెట్టి పంపితిని గదా చలిదేశమని" అంది. పాస్టరయ్య ఫోటోను దీపం దగ్గర పెట్టి చూసి, పితరుల కాలం వేషమని తేల్చాడు. వచ్చే క్రిస్మస్ నాటకంలో గొల్లలకు అదే రంగు కట్టిస్తాడట. గుడ్డ ఎవరిదో రేణుకకు వెంటనే రాయి. ఆమె అన్నం సరిగా తినడం లేదు.

లక్ష్మీదేవమ్మకు మందు సంగతి గుర్తు చేశాను. రెండుసార్లు కాదు మూడుసార్లు తెచ్చాడని, ఆ మందుతో వాళ్ల మేక దగ్గు తగ్గిందని చెప్పమంది.

కరుణమ్మ


ఉర్ఫా,
21-8-2006

పెద్దక్కకు వేవేల నమస్కారాలు.

అక్కా, గెలిచాను!

నిన్న కంపెనీ పెద్దలు ముగ్గురు వచ్చారు. తెల్ల చొక్కాలు, గొడుగులు. ముందు సాళ్లలో చూశారు: నూటికి తొమ్మిది. ఒకాయన పెన్ను మూత పెట్టేశాడు. కెమాల్ గారు నా మొహం చూడలేదు. నేను మనసులో పెట్టె సర్దుకుంటున్నాను. వాళ్లు తిరిగి కారు వైపు పోతూ చివరి మూలకు వచ్చారు. జెలిహా సాళ్లు. చూశారు. మళ్లీ చూశారు. నూటికి యాభై మూడు!

"ఇది ఎట్లా?" అని అడిగారు.

అక్కా, నా నోరు నా మాట వినలేదు. "అది నేను వేరుగా పెట్టిన పరీక్ష సార్. తొమ్మిది గంటలకూ ఆరు గంటలకూ తేడా చూద్దామని, కావాలనే ఒక మనిషిని మూలకు పంపి, బోర్డు కూడా పెట్టలేదు" అన్నాను. చప్పట్లు కొట్టారు. ముగ్గురూ కొట్టారు. గొడుగు పట్టుకున్నాయన గొడుగు కింద పెట్టి మరీ కొట్టాడు. రెండేళ్లు నువ్వేనన్నారు. పాత బోర్డులు తీసి కొత్త బోర్డులు వేస్తున్నారు: ఆరు గంటలు, శాంతరాజు పద్ధతి. హన్మంతు సేటుకు వాళ్లే ఫోన్ చేసి చెప్పారు, ఆయన షాపులో స్వీట్లు పంచాడట.

జెలిహాకు ఇంగ్లీషు రాదు. జనం చప్పట్లు కొడుతుంటే తాను కూడా కొట్టింది. అది మాత్రం కొంచెం అదోలా అనిపించింది. చాయ్ తాగితే పోయింది.

జెలిహాను అడగమని నువ్వు రాసిన జాబు ఈ సాయంత్రమే అందింది. అడగకుండానే పనైంది చూశావా!

ఊదా గుడ్డ ఎవరిదీ కాదు, అంగట్లో కొన్నాను. ఇక్కడ మగవాళ్లు కూడా ఎండకు అదే చుడతారు. రేణుకకు ప్రమాణం చేసి చెప్పు.

అంతర్జాతీయ నిపుణుడు (ఈసారి నిజంగా),
శాంతరాజు


ధరూర్,
3-9-2006, ఆదివారం

తమ్ముడికి.

నీ గెలుపు ఇక్కడికి నీ జాబు కంటే ముందే వచ్చింది.

పోయిన నెల ఇరవై నాలుగున హన్మంతు సేటు చేనుకు వచ్చి, రేపటి నుంచి ఆరింటికే పువ్వు రుద్దాలన్నాడు. టర్కీ పద్ధతట. "గా దేశంల ఆరింటికే మొదలువెడుతున్నరు. మీరు తొమ్మిదింటిదాంక ఆటో కోసం చూస్తున్నరు. గందుకే గా దేశం గట్లుంది, మన దేశం గిట్లుంది" అన్నాడు.

"సేటూ, గా దేశం ఎట్లుందో నీకెట్ల ఎరుక? మొన్న మంచు వడతదంటివి" అని లక్ష్మీదేవమ్మ అంది. ఆయన వినలేదు. మాసయ్యకు చెప్పి ఆటో అయిదింటికే తెప్పిస్తున్నాడు. వనపర్తిలో మీటింగు పెట్టి నాగర్‌కర్నూల్ దాకా ఉన్న రైతులతో విత్తన పత్తి వేయించే సీడు ఆర్గనైజర్లను పిలిచి ఇదే చెప్పాడు. వాళ్లూ మొదలు పెట్టారట.

ఇక్కడ ఆరింటికి చేను తడిసి ముద్దగా ఉంటుంది. రాత్రి వాన, తెల్లవారి మంచు. పువ్వు విచ్చదు. విప్పి రుద్దితే పుప్పొడి తడికి ముద్దకడుతుంది. నాలుగు రోజులు ఆయన మాట ప్రకారం చేశాము. నాలుగు రోజుల పూత రాలింది. కాయలేని చెట్టు చూపిస్తే, మీకు చేత్తో పని రావడం లేదన్నాడు. పద్దెనిమిదేళ్ల తరవాత నాకు పని రావడం లేదని విన్నాను.

అయిదో రోజు ఆరింటికి గట్టు మీద మోకరించి ప్రార్థన మొదలు పెట్టాను. అందరూ కూర్చున్నారు. ఆపమనే ధైర్యం ఆయనకు లేదు. తొమ్మిదికి ఆమేన్ అన్నాను. అప్పటి నుంచి రోజూ అంతే. కిష్టమ్మ, కాంతమ్మ మన మందిరానికి రారు, వాళ్ల దేవుణ్ణి వాళ్లు తలుచుకుంటూ కూర్చుంటున్నారు. మూడు గంటల ప్రార్థన నా జన్మలో చేయలేదు. ఊళ్లో అందరి పేర్లూ అయిపోయాయి, నిన్న నాగప్ప కుక్క కోసం కూడా చేశాను. ఊళ్లో భక్తి మళ్లీ మేలుకుందని పాస్టరయ్య దీన్ని ఉజ్జీవం అంటున్నాడు. ప్రభువు పేరు చెప్పి నేను పొద్దు గడుపుతున్నాను. ఇది నాకు మంచిగా లేదు.

మా చేను ఒకటే ఇట్లా తప్పించుకుంటోంది. తక్కిన ఊళ్లల్లో ఆడవాళ్లు తడి పువ్వు రుద్ది, చేతకానివాళ్లన్న మాట పడుతున్నారు.

నువ్వు రెండు పనులు చెయ్యి. అక్కడ నిజం చెప్పు. ఇక్కడికి ఒక కాగితం రాయి, హన్మంతు సేటు పేరు మీద, నాలుగు మాటలు చాలు. ఫోన్‌లో చెప్పకు. ఫోన్‌లో చెబితే ఆయన చెవిలోనే ఉండిపోతుంది. కాగితమైతే నలుగురిలో చదివిస్తాను.

అక్కడి పని పోతుందని తెలుసు. ఇక్కడిది కూడా. తెలిసే అడుగుతున్నాను.

కరుణమ్మ


ఉర్ఫా,
15-9-2006

అక్కా,

నీ జాబు నిన్న వచ్చింది. మొదట్లో "దీవెనలు" లేవు, చివర కూడా లేవు. రెండుసార్లు వెతికాను.

పొద్దున ఆరింటికి చేనుకు పోయాను. చెప్పులు విడిచాను. జెలిహా పువ్వులు రుద్దుతోంది. కెమాల్ గారిని వెంట పెట్టుకొని, ఎందుకమ్మా ఆరింటికి అని అడిగాను. ఆమె రుద్దుతూనే "మొదటి రోజే అడుగుతావనుకున్నా" అంది. తరవాత ఒక మగ పువ్వు నా అరచేతిలో పెట్టి, వేలితో తట్టింది. పసుప్పచ్చటి పొడి రాలింది. రెండు గంటలు ఆ పువ్వు పట్టుకునే నిలబడమంది. ఎనిమిది దాటాక మళ్లీ తట్టింది. ఏమీ రాలలేదు. ఇంతే అక్కా. రెండు నెలలు దీని కోసం నీకు జాబులు రాశాను.

అక్కడే కెమాల్ గారికి అంతా చెప్పాను. పరీక్ష లేదని, ఆమెను శిక్షించి పంపానని. ఉత్తరం దిక్కు సంగతి కూడా. ఆయన కోప్పడతాడనుకున్నాను. ఆడవాళ్లకు తమ భాషలో చెప్పాడు. అరవై మంది ఒక్కసారిగా ఉత్తరం తిరిగి నవ్వారు. అక్కా, అంత నవ్వు నేను ఎక్కడా వినలేదు. కోప్పడినా బాగుండేది.

కంపెనీకి ఆయనే రాశాడు. జెలిహాను మేస్త్రీ చేశారు. నన్ను ఈ నెలాఖరుకు పంపించేస్తున్నారు. అప్పటిదాకా పని నేర్చుకుంటానని జెలిహాను అడిగాను. నా చేతులు చూసి పెదవి విరిచింది, కానీ ఒక సాలు ఇచ్చింది. ఈరోజు ముప్పై పువ్వులు రుద్దాను. నడుం పట్టేసింది. మీరు రోజంతా ఎట్లా వంగి ఉంటారు?

సేటుకు కాగితం ఇందులోనే పెట్టాను. రేణుకను ఏమని ఓదారుస్తావో నువ్వే చూడు.

శాంతరాజు


ధరూర్,
28-9-2006

తమ్ముడు శాంతరాజుకు అక్క దీవెనలు. పైన ఒకసారి, కింద ఒకసారి, వెతుక్కోకుండా.

నువ్వు బయలుదేరేలోగా ఇది అందదని తెలుసు. అయినా రాస్తున్నాను.

కాగితం నిన్న వచ్చింది. హన్మంతు సేటు చేతికిచ్చాను. చదువుకొని మడిచి జేబులో పెట్టుకోబోయాడు. "సేటూ, గట్టిగ సదువు, మాక్కూడ టర్కీ ముచ్చట్లు వినాలని ఉండదా?" అంది లక్ష్మీదేవమ్మ. అద్దాలు తేలేదన్నాడు. రేణుక లేచి కాగితం తీసుకుంది. గట్టు మీద నిలబడి చదివింది: "ఆరు గంటలు నా పద్ధతి కాదు. తొమ్మిది గంటలు కూడా నా పద్ధతి కాదు. పువ్వు సంగతి నాకు తెల్వదు. మా అక్కకు తెలుసు." చదివాక నాతో, "గిన్నేండ్లల ఆయన గింత సక్కగ ఎప్పుడు మాట్లాడలే వదినె" అంది. ఆమెను ఓదార్చే పని నాకు పడలేదు. రాత్రి అన్నం పెట్టించుకొని తిన్నది.

బస్టాండు బ్యానరు ఈ ఉదయమే దించారట. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో కూడా ఆరు గంటలు మానమని సేటు ఫోన్లు చేశాడు. తానే కనిపెట్టి చెబుతున్నట్టు చేశాడట. చెయ్యనీ.

పాస్టరయ్య ఉజ్జీవం ఆగిపోయిందని బాధపడ్డాడు. ప్రభువు దగ్గర మాత్రం నేను విడిగా క్షమాపణ అడిగాను.

ఈ పొద్దున సేటు చేను దగ్గరికి వచ్చి, నన్ను చూడకుండా చెట్లను చూస్తూ, "మరి ఎన్నింటికి మొదలువెట్టాలె కరుణమ్మా?" అన్నాడు. మబ్బుగా ఉంది. పువ్వులో వేలు పెట్టి చూశాను. తొమ్మిదిన్నర దాటనిమ్మన్నాను. వెంటనే జేబులోంచి పెన్ను తీసి రాసుకోబోయాడు. చెయ్యి పట్టి ఆపాను.

"గది ఇయ్యాల్టి మాట సేటూ. రేపటిది రేపడుగు."

నువ్వు రా. కొత్త మేస్త్రీ వచ్చాడు, ఆ పని లేదు. పువ్వు రుద్దడానికి మగవాళ్లను పెట్టుకునేది లేదని సేటు అన్నాడు. ముప్పై పువ్వులు రుద్దిన అనుభవముందని చెప్పాను. ఆడవాళ్లు ఒప్పుకున్నారు. నా పక్క సాలు నీకు వదిలిపెట్టాము.

దీవెనలు.
కరుణమ్మ